నున్నటి వైపు

"మేస్త్రిగారూ, పేరు తిరగబడిందండీ."

గాజు తలుపుకు అంటించిన రబ్బరు షీటుకు ముక్కు ఆనించి చూస్తున్నాడు ఒక పెద్దమనిషి. ఎప్పుడు లోపలికి వచ్చాడో ఎవరూ గమనించలేదు.

గాజు మేస్త్రి కంప్రెసర్ ఆపి, గాగుల్స్ నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"చదవడానికొచ్చారా, వాసన చూడ్డానికొచ్చారా?"

స్నానాలగది కిటికీ పని మీద వచ్చిన ఇంటాయన కిసుక్కున నవ్వాడు. పెద్దమనిషి కూడా నవ్వాడు.

"తిరగబడలేదు. మేం చెక్కేది వెనకవైపు. అవతల నిలబడి చూస్తే పేరు తిన్నగానే కనబడుతుంది. ముందువైపు నున్నగా ఉంటుంది."

"ముందువైపు చెక్కరా?"

"చెక్కితే ఆ గుంటల్లో జనం చేతుల జిడ్డంతా చేరుతుంది. నెల తిరక్కుండా అక్షరాలు నల్లబడతాయి. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను. నా తలుపు మీద మరక చూపించినవాడు లేడు."

ఆ మాట నిజమే. ఈ తలుపు బడిలో కడుతున్న కొత్త లైబ్రరీది. అక్కడ పనిచేసి, నిరుడు పోయిన పంతులమ్మ పేరు దాని మీద చెక్కాలి. ఇది బాగా కుదిరితే పై అంతస్తు కిటికీలన్నీ మేస్త్రికే ఇస్తామన్నారు. అందుకే నాలుగు రోజులుగా ఆ తలుపు దగ్గరికి ఈగను కూడా రానివ్వడం లేదు.

పెద్దమనిషి రబ్బరు షీటును వేలితో తడిమాడు. అక్షరాల మేరకు మేస్త్రి భార్య బ్లేడుతో కోసి తీసేసిన చోట వేలు దిగింది. గాలితో కొట్టిన ఇసుక ఇక గాజును తినేది అక్కడే.

"ఈ ఒక్కటీ ముందువైపు చెక్కకూడదా? ముట్టుకుంటే తెలిసేలా."

"తలుపు చూడ్డానికా పెద్దాయనా, తడమడానికా?"

ఈసారి ఇంటాయన గట్టిగానే నవ్వాడు.

"అది కాదు నాయనా. ప్రారంభానికి ఇంకా మూడు నెలలుందట. అప్పటికి నా..."

"అప్పటికి నా పని నేను చూసుకుంటాను. మీకు పొద్దు పోకపోతే పార్కులో బల్లలున్నాయి."

పెద్దమనిషి వేలు తీసేశాడు. "వస్తాను మరి" అని వెనుదిరిగాడు. వెళ్తూ వెళ్తూ గోడకు ఆనించిన గాజు పలక అంచుకు భుజం కొట్టుకున్నాడు.

"గాజు! గాజు జాగ్రత్త!" అని అరిచాడు మేస్త్రి. దెబ్బ తగిలిందా అని అడగలేదు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, మేస్త్రి భార్య బ్లేడు పక్కన పెట్టింది.

"అంతగా అడిగాడు. ముందువైపు చెక్కితే మన సొమ్మేం పోయిందండీ?"

"రేపు నల్లబడితే తిట్లు తినేది నువ్వా, నేనా?"

మేస్త్రి గాగుల్స్ దించుకున్నాడు. ఇసుక హోరుమంది.

చెక్కడం అయ్యాక తలుపును గట్టిపరచడానికి కొలిమికి పంపారు. కొలిమిలో కాలి గట్టిపడిన గాజును మళ్ళీ లోతుగా చెక్కబోతే పొడిపొడి అవుతుంది. ఆ సంగతి మేస్త్రికీ, భార్యకూ బాగా తెలుసు.

ప్రారంభం రోజు పొద్దున్నే వెళ్ళి మేస్త్రి తలుపును మెత్తటి గుడ్డతో తుడిచాడు. తర్వాత భార్యతో కలిసి వరండా చివర నిలబడి, టీ తాగుతూ దూరం నుంచి చూసుకున్నాడు. పేరు గాలిలో తేలుతున్నట్టుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

అప్పుడు కనిపించాడు ఆ పెద్దమనిషి. తలుపుకు అరచెయ్యి ఆనించాడు. పైకి, కిందికి, పక్కకి. మళ్ళీ పైకి. నున్నటి గాజును మూల మూలా తడుముతున్నాడు.

"ఇక్కడికీ తయారయ్యాడు!"

మేస్త్రి గ్లాసు భార్య చేతిలో పెట్టి పరుగెత్తాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు! నిండా వేలిముద్రలు చేశావు. చెబితే తలకెక్కదా?"

అందరూ చూస్తుండగా మణికట్టు పట్టుకుని ఆ చేతిని గాజు మీంచి లాగేశాడు.

వరండాలో మాటలు ఆగిపోయాయి. హెడ్మాస్టరు గబగబా వచ్చాడు.

"ఏమైందండీ? ఇప్పుడేగా మిమ్మల్నిక్కడ నిలబెట్టి వెళ్ళాను. మేస్త్రీ, ఆయన చెయ్యెందుకు పట్టుకున్నావు?"

మేస్త్రి నోరు తెరిచేలోగా పెద్దమనిషే అందుకున్నాడు.

"నేనే అడిగానండీ. కళ్ళు పూర్తిగా పోయాయి కదా, పేరెక్కడుందో చూపించమన్నాను. పాపం, చూపిస్తున్నారు."

ఆయన చూపు మేస్త్రి మొహం మీద లేదు. భుజం పక్కగా ఎటో ఉంది.

"అలాగా, మంచిది" అని హెడ్మాస్టరు వెళ్ళిపోయాడు. జనం మళ్ళీ మాటల్లో పడ్డారు. వరండా చివర మేస్త్రి భార్య మాత్రం రెండు గ్లాసులతో అలాగే నిలబడి, ఇటు చూడలేక తల దించుకుంది.

మేస్త్రి చెవులు వేడెక్కాయి. పట్టుకున్న చేతిని వదలాలో వద్దో తెలియలేదు. చివరికి ఆ చూపుడువేలిని పట్టుకుని, పేరు మొదలయ్యే చోట ఆనించి, మొదటి అక్షరం వెంట నడిపించాడు. అంత శ్రద్ధగా తుడిచిన గాజు మీద వేలు ఎక్కడా ఆగకుండా జారిపోయింది.

"ఇక్కడ... ఇక్కడ కొమ్ము వస్తుందండీ" అన్నాడు.

"తెలుస్తోంది నాయనా" అన్నాడు పెద్దమనిషి.

తెలియదని మేస్త్రికి తెలుసు. అయినా తర్వాతి అక్షరం, ఆ తర్వాతిది వదలకుండా దిద్దించాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే నిలబడలేననిపించింది.

"ఆవిడ మీకు బాగా తెలుసా అండీ?"

"చూపు తగ్గినప్పట్నుంచీ పేపరు, పుస్తకం, మందుచీటీ అన్నీ తనే చదివి వినిపించేది" అని, చివరి అక్షరం మీద వేలు ఆపి, పెద్దమనిషి నెమ్మదిగా అన్నాడు, "నా భార్య."