మూత వేసినట్టు

ఫైలు చూపించమని పై అధికారి ఇచ్చిన ఆర్డరును ఆమె గుమాస్తా మొహాన విసిరినంత పని చేసింది.

"మొదటిసారి అలాంటి కాగితమే లేదన్నావు. రెండోసారి ఫైలు కనబడలేదన్నావు. ఇప్పుడేమంటావు?"

నాలుగు నెలల క్రితం ఆమె ఆరేళ్ల కూతురు ఇంటి ముందున్న మూతలేని మురుగు గుంతలో పడి చనిపోయింది. మునిసిపాలిటీ కాగితాల్లో మాత్రం ఆ గుంతకు అంతకు మూడు రోజుల ముందే మూత పడింది.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "నా మాట వినండమ్మా. ఆ కాగితం చూసి మీరేం బావుకుంటారు?"

"ఎవణ్ణి వెనకేసుకొస్తున్నావు? మూత వేశారని సంతకం పెట్టినవాడి చేతులు పడిపోను! వాడి పేరు కావాలి నాకు."

వరండాలో జనం తొంగిచూశారు. గుమాస్తా మొహం మాడ్చుకుని, సొరుగులో తన టిఫిన్ డబ్బా కిందనుంచి ఫైలు లాగి ఆమె వైపు తిప్పాడు.

'మూత వేశారు. పని తృప్తికరం.' కింద, ఫిర్యాదు చేసినవారి సంతకం. అది ఆమెదే.

ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డ పనివాడు గుర్తొచ్చాడు. "మూత రేపు తెస్తానక్కా. నేను వచ్చి చూసినట్టు ఓ సంతకం పెట్టండి, లేకపోతే నాకు చీవాట్లు." పాపం అనిపించింది. కాగితాన్ని గోడకానించి, చదవకుండానే గీకేసింది.

గుమాస్తా కాపీ తీసిచ్చి, రిజిస్టరు ఆమె ముందుకు జరిపాడు.

"అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండి. ఈసారైనా చదివి పెట్టండి."