పైపు మార్చే అధికారం

చెంబుడు మురికి నీళ్లు నేరుగా శాసనసభ్యుడి ముఖాన పడ్డాయి.

మునిసిపల్ హాల్లో తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. పోసింది ప్లంబరు. ఖాళీ చెంబు ఇంకా అతని చేతిలోనే ఉంది.

“మా అమ్మ తాగింది ఈ నీళ్లే. మీరూ ఓసారి రుచి చూడండి సార్!”

శాసనసభ్యుడు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. పోలీసు ముందుకు రాబోతే వద్దని చెయ్యెత్తాడు.

ఊళ్లో ఆయన్ని మైకాయన అంటారు. మైకు లేకుండానే చివరి వరసదాకా వినిపించే గొంతు. ఆ గొంతు చూసే ఊరు ఆయన్ని మళ్లీ మళ్లీ గెలిపించింది. ఇప్పుడు ఆ గొంతు వింటేనే ఊరికి ఒళ్లు మండుతోంది.

కారణం లేకపోలేదు. వెనక వీధిలో తాగునీటి పైపు పగిలి మురుగు కలిసింది. ఎక్కడ పగిలిందో ప్లంబరు కనిపెట్టాడు. కొత్త పైపు గోడౌన్లో సిద్ధంగా ఉంది. కానీ రోడ్డు తవ్వాలంటే రాజధానిలో ఇంజనీరు సంతకం కావాలి. ఆ సంతకం ఊరు చేరేలోపు వీధిలో రెండు శవాలు లేచాయి. ఒకటి ప్లంబరు తల్లిది.

ఊరి పనులు ఊరే నిర్ణయించుకోవాలన్న బిల్లు ఒకటి ఉంది. కొన్నేళ్లుగా మంత్రి బీరువాలో దుమ్ము తింటోంది. మునిసిపల్ చైర్‌పర్సన్ ఆయన గది చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసింది. ఆవిడ ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పింది కాబట్టి అందరికీ టీచరమ్మే. “చూద్దాంలేమ్మా” అనడం తప్ప మంత్రి ఆమెకు ఇంకో ముక్క చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే, ప్రతిపక్షంలో ఉన్న మైకాయన విలేఖరుల్ని పిలిచి మరీ గర్జించాడు.

“రోడ్డు ఊడ్చడం రానివాళ్ల చేతికి అధికారాలా? నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ బిల్లు గడప దాటనివ్వను!”

సొంత ఊరి నోట్లో మట్టి కొడుతున్నాడని జనం రగిలిపోయారు. పైపుల కాంట్రాక్టరు ఆయన్ని కొనేశాడని కొందరు, బుర్ర చెడిందని కొందరు అన్నారు. అందుకే ఈ సభ. అందుకే ఆ చెంబుడు నీళ్లు.

వేదిక మీంచి టీచరమ్మ లేచింది.

“మీ ఇంటికి ట్యాంకరొస్తుంది. మా చావు మీకెందుకు పడుతుంది?”

“నువ్వు బోర్డు మీద అక్షరాలు దిద్దించుకో. పాలన నీ వల్ల కాదు” అన్నాడు మైకాయన.

హాలు భగ్గుమంది. కుర్చీలు లేచాయి. పోలీసులు ఆయన్ని వెనక తలుపు నుంచి బయటికి లాక్కెళ్లారు.

ఇంట్లో భార్య కంచం ఆయన ముందు ఠపీమని పెట్టింది.

“బజారుకెళ్తే నా మొహం చూసి తలలు తిప్పేసుకుంటున్నారు. పాలావిడ గిన్నె గుమ్మంలో పెట్టి, పలకరించకుండా పోతోంది. ఎవరి కోసమండీ ఈ పంతం?”

ఆయన రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపాడు.

ఆమె ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని చెల్లెలింటికి వెళ్లిపోయింది.

రాజధానిలో మాత్రం మంత్రి హుషారుగా ఉన్నాడు. కాలేజీ ఎన్నికల్లో మైకాయన చేతిలో ఓడిన నాటి నుంచి, ఆ పేరు చెబితే చాలు, ఆయనకు కారం రాసినట్టుంటుంది. బీరువా తెరిచాడు. బిల్లును ఆ సమావేశాల్లోనే సభ ముందు పెట్టాడు.

మైకాయన ఒంటికాలి మీద లేచాడు.

“వీళ్లకో ఇంజనీరునైనా పెట్టుకునే దమ్ముందా?”

“అయితే పెట్టుకోమందాం. ఆ మాట కూడా చేర్చండి” అన్నాడు మంత్రి.

“కనీసం పన్నులైనా రాజధాని చేతిలో ఉంచండి. లేదంటే వీళ్లు నెత్తికెక్కుతారు!”

“మీరంతగా ఏడుస్తున్నారంటే అదీ ఇచ్చెయ్యాల్సిందే. ఊరి పన్ను ఊరికే!”

అధికార పక్షం బల్లలు చరిచింది. సొంత పక్షం వాళ్లే మైకాయన చొక్కా పట్టుకుని కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. ఓటింగులో బిల్లు గెలిచింది.

బయటికొస్తుంటే మంత్రి ఎదురొచ్చాడు.

“ఎలా ఉంది దెబ్బ?”

మైకాయన తల వంచుకుని వెళ్లిపోయాడు.

చట్టం అమల్లోకొచ్చిన మర్నాడు ఆయన ఊళ్లోకి వచ్చేసరికి వెనక వీధి నిలువునా తవ్వి ఉంది. ఏ సంతకం కోసమూ ఎవరూ ఆగలేదు. గోతిలో నడుందాకా దిగి ప్లంబరు కొత్త పైపు బిగిస్తున్నాడు. కారు చూసి పైకొచ్చాడు. మట్టి చేత్తో బానెట్ మీద ఒక్క చరుపు చరిచాడు.

“ఈ రోడ్డు ఇప్పుడు మాది. వచ్చిన దారినే పో!”

జనం ఈలలేశారు. ఎవరో టైరు మీద ఉమ్మేశారు. మైకాయన కిటికీ అద్దం కూడా ఎత్తలేదు. తనే నడుపుతున్న కారును మెల్లగా వెనక్కి తిప్పుకున్నాడు.

ఊరి చివర పంపుహౌసు దగ్గర టీచరమ్మ ఒంటరిగా నిలబడి ఉంది. చెయ్యెత్తింది. ఆయన ఆపాడు. ఆమె తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది. ముందుకీ వెనక్కీ చూసింది. రోడ్డు మీద పురుగన్నది లేదు.

ఆమె గొంతు బాగా తగ్గించి అడిగింది: “బాబాయ్, ఆస్పత్రి కూడా మన చేతికి రావాలంటే మీరు ఎప్పట్నుంచి తిట్టడం మొదలెట్టాలి?”