కొండరాయుడి కంచు ముక్కు

“నేను ఒకాయనకు చేసిన విగ్రహం ముందు ఆ మనిషి పెళ్లామే నిలబడి, ఇంటికెప్పుడొస్తావని అడిగి, జవాబు రాలేదని అలిగి వెళ్లిపోయింది. అదీ నా చెయ్యి. నలభై ఏళ్లలో ఒక్క పోలిక తప్పలేదు” అన్నాడు శిల్పి, క్రేను తోలే అతనితో.

క్రేను అతను బుద్ధిగా విన్నాడు. విని, విగ్రహం నడుముకు గొలుసు బిగించాడు.

ఆ విగ్రహం కొండరాయుడిది. ఎవరూ ఎక్కని శిఖరాన్ని ఎక్కి వచ్చాడని జనం మురిసిపోయి పెట్టుకున్న పేరది. పదకొండేళ్లుగా బస్టాండు ముందు తొమ్మిదడుగుల కంచు మనిషై నిలబడి ఉన్నాడు. చెవులు కప్పే టోపీ, మంచులో పెట్టుకునే వెడల్పాటి కళ్లద్దాలు, మెడదాకా బొత్తాల కోటు, వీపున మూట. ముఖంలో బయటికి కనబడేవి ముక్కూ, పెదవులూ, చుబుకమే. ఆ మూడింటి కోసం శిల్పి మూడు నెలలు తడిమట్టిలో తల దూర్చాడు. అంత బాగా ఆయన చేతికి మళ్లీ ఏదీ కుదరలేదు. ఆ సంగతి ఆయనకూ ఆయన భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు.

పోయిన నెల రాయుడి బండారం బయటపడింది. శిఖరం ఇంకో వెయ్యి అడుగులుందనగా ఇక తన వల్ల కాదని డేరాలో దుప్పటి ముసుగు పెట్టింది ఆయన. ఆయన కోటూ టోపీ కళ్లద్దాలూ తగిలించుకుని పైకెక్కి, జెండా పాతి, ఫొటో దిగి వచ్చింది సామాన్లు మోసే కూలీ. విచారణలో రాయుడే ఒప్పుకున్నాడు. ఇంకేముంది, పుస్తకాల్లో పాఠం చింపేశారు, బిస్కెట్ పొట్లాల మీద బొమ్మ పీకేశారు, రాయుడు ఊరొదిలి పోయాడు. మిగిలింది విగ్రహం. దాన్ని కరిగించి వీధి కుళాయిలు పోయించమని పురపాలక అధ్యక్షురాలు ఆర్డరు వేసి, దగ్గరుండి తీయించడానికి తనే వచ్చింది.

శిల్పి భార్య గొడుగు పట్టుకుని పక్కనే ఉంది. గొప్పలు కోసింది చాలుగానీ ఆపే దారి చూడమని మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఆయన తల గోక్కున్నాడు. కంచు ముక్కు వంక ఓసారి చూశాడు. తర్వాత నవ్వు ముఖంతో నేరుగా అధ్యక్షురాలి దగ్గరికి నడిచాడు.

“అమ్మా, పోలిక ఎన్నడూ తప్పలేదని ఇందాక గొప్పలు కోశాను. ఒక్కటి తప్పింది. అది ఇదే.”

అధ్యక్షురాలు గొలుసు ఆపించింది. శిల్పి మొదలుపెట్టాడు. విగ్రహం పోతపొయ్యాలంటే ముందు మట్టి బొమ్మ చెయ్యాలి, దానికి మనిషి ఎదురుగా నిలబడాలి. ఇరవై రోజులు ఒక మనిషి షెడ్డుకు వచ్చాడు. ఇదే కోటు, ఇదే టోపీ. కళ్లకు వెలుతురు పడదని అద్దాలు తియ్యలేదు. రోజుకు ఎనిమిది గంటలు, వీపున మూటతో, కుర్చీ అడక్కుండా, మోకాలు కదపకుండా నిలబడ్డాడు. కొండలెక్కేవాళ్లు ఇంత గట్టివాళ్లా అని అప్పట్లో తను మురిసిపోయాడట. అలా నిలబడేవాడు మోసే మనిషేగానీ మోయించుకునే మనిషి కాదని ఇప్పుడు తెలిసొచ్చిందట.

“కొండెక్కడానికే ఇంకొకణ్ణి పంపినవాడు, నా ముందు నిలబడ్డానికి తను వస్తాడా తల్లీ?”

అధ్యక్షురాలు పేపర్లో పడ్డ రాయుడి ఫొటో తెప్పించి విగ్రహం పక్కన పెట్టి చూసింది. పొద్దున దాకా రెండూ ఒకే ముక్కు. అనుమానం పడ్డాక అటుదీ ఇటుదీ రెండు ముక్కులయ్యాయి. బస్సు దిగిన కండక్టరు, తనకు మొదటినుంచీ ఆ ముక్కు మీద నమ్మకం లేదన్నాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలూపారు. మధ్యాహ్నానికల్లా ఊళ్లో సగం మందికి పదకొండేళ్లుగా ఇదే అనుమానం ఉన్నట్టు తేలింది.

అయినా అధ్యక్షురాలు ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. జీపు పంపి, పక్క ఊరి గిడ్డంగిలో బస్తాలు మోస్తున్న ఆ కూలీని పిలిపించింది. అతను భుజాన గోనెపట్టాతోనే దిగాడు. ఇది నువ్వేనా అని ఆవిడ అడిగింది. అతను తలెత్తి ఆ కోటూ టోపీ కళ్లద్దాలూ చూశాడు.

“పైన నిలబడ్డది నేనేనమ్మా. ఇన్నేళ్లలో నన్ను అడిగినవాళ్లు లేరు.”

చప్పట్లకు బస్టాండు రేకులు అదిరాయి. పాత పేరు పలక ఊడదీశారు. సాయంత్రంలోగా అతని పేరు చెక్కిన పలక వచ్చింది. క్రేను అతను గొలుసు విప్పి, తొట్టి తగిలించి, అందులో కూలీని ఎక్కించి విగ్రహం తలదాకా లేపాడు. ఈసారి ముఖానికి ఏ ముసుగూ లేకుండా అతను ఎత్తున నిలబడితే కింద ఊరంతా అతన్ని పేరుపెట్టి పిలిచింది. ఊరి తరఫున అధ్యక్షురాలు క్షమాపణ చెప్పుకుంది. కుళాయిల సంగతి ఎవరూ ఎత్తలేదు.

సందడి సద్దుమణిగాక శిల్పి అతన్ని షెడ్డుకు తీసుకెళ్లాడు. శిల్పి భార్య కాఫీ ఇచ్చింది. అతను చుట్టూ ఉన్న మట్టి తలలనూ ప్లాస్టర్ చేతులనూ కొత్తగా చూస్తూ, గ్లాసు చేతుల్లో తిప్పాడు.

“అన్నగారూ, నలుగురిలో మీ మాట తీసెయ్యలేక ఊరుకున్నాను. ఈ గుమ్మం తొక్కడం నాకు ఇదే మొదలు. మరి ఆ ఇరవై రోజులూ మీ ముందు నిలబడ్డది ఎవరు?”

శిల్పి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. శిల్పి మీసం దువ్వుకున్నాడు.

“రాయుడే తమ్ముడూ, కదలకపోవడం ఒక్కటే నేను కల్పించాను.”