ఫస్టు నీదంటే నీది

"నాను ఫస్టు రానేదండీ!" అన్నాడు జగ్గయ్య, మెళ్ళో పడ్డ దండ తీసేస్తూ.

కూర్మన్నపాలెం జంక్షన్లో సైకిల్ పందెం అప్పుడే ముగిసింది. జనం ఈలలు ఆపేశారు. ఫలితం చెప్పిన గురునాథరావు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, మైకు పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకున్నారు.

"నువ్వే కదయ్యా ముందు గీత దాటావు?"

"తప్పండి. ఎల్లారావు సైకిలు సక్రమే ముందు గీతకి తగిలింది. నా కళ్ళతో సూసినాను."

రెండో స్థానం వచ్చిన ఎల్లారావు పరుగున వచ్చాడు. "బావ మాట నమ్మకండి మాస్టారూ! నాను ఎనకే ఉన్నాను. నాకు కళ్ళు నేవేటి?"

ఫస్టు నాదంటే నాదని కొట్టుకున్నవాళ్ళను మాస్టారు చాలామందిని విడదీశారు. నీదంటే నీదని చొక్కాలు పట్టుకున్నవాళ్ళను చూడటం ఇదే మొదలు. ఆయన బహుమతుల బల్లవైపు చూశారు. మొదటిది మూరెడు కప్పు. రెండోది ప్రెషర్ కుక్కర్.

"నిజం చెప్పు జగ్గయ్యా."

"కుక్కరు తేకపోతే గుమ్మం ఎక్కొద్దంది మా తవిటమ్మ. కప్పులో కూడు ఉడుకుతాదా బాబూ?"

"మా సీతాలూ అదే అంది," అన్నాడు ఎల్లారావు, గొంతు తగ్గించి.

నిజానికి వాళ్ళు గీత దాటే క్షణంలో మాస్టారికి తుమ్ము వచ్చింది. ఆ మాట ఆయన పైకి అనలేదు.

"చివరి వంద గజాలు మళ్ళీ తొక్కండి. కాలు కింద పెట్టినవాడికి ఏ బహుమతీ లేదు!" అని ఈల ఊదారు.

ఇద్దరూ బయలుదేరారు. బయలుదేరారనడమే గాని, కదిలితే ఒట్టు. హ్యాండిళ్ళు అటూ ఇటూ వణుకుతున్నాయి. ఒక ఊరకుక్క ఇద్దర్నీ దాటేసి, గీత దగ్గర కూర్చుని తీరిగ్గా చెవి గోక్కుంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఎల్లు బావా, ముందుకెల్లు!" అన్నాడు జగ్గయ్య.

"పెద్దోడివి, నువ్వెల్లు బావా!"

ఎల్లారావు సైకిలు ఒరిగిపోయింది. జగ్గయ్య చెయ్యి చాచి భుజం పట్టి నిలబెట్టాడు.

"సల్లగుండు బావా," అన్నాడు ఎల్లారావు, అంటూనే బ్రేకు నొక్కేశాడు.

అలా నత్తల్లా జరుగుతూ చివరిదాకా వచ్చారు. గీత ఇంకా జానెడు దూరం. ఇద్దరూ బొమ్మల్లా ఆగిపోయారు.

చేపలమ్ముకుని వస్తున్న తవిటమ్మ అప్పుడే జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఎదురుగా, గీత అంచున, కదలకుండా మొగుడు.

"ఓలమ్మో! ఇంతదాకా వచ్చి ఆగిపోనాడేటి!"

ఖాళీ గంప అక్కడే పడేసి, కొంగు నడుముకి బిగించి పరుగెత్తింది.

"వద్దే! తవిటీ, వద్దే!" జగ్గయ్య అరుస్తూనే ఉన్నాడు. ఆమె రెండు చేతులతో వెనకనుంచి ఒక్క తోపు తోసింది. సైకిలు గీత దాటింది. మాస్టారి ఈల మోగింది.

తవిటమ్మ చెమట తుడుచుకుని, నవ్వుతూ ఆయన ముందు చేతులు చాచింది.

"మావోణ్ణి ఫస్టు తెచ్చీసినాను బాబూ. ఏదండీ నా కుక్కరు?"