పాట ఆపేవాడు

బయమ్మ ఇంట్లో మోగే పాటల్ని కొత్తచెరువులో ఎవరో లాక్కుంటున్నారని పక్కింటి లక్ష్మీనరసమ్మ వీధంతా చెప్పేసింది.

కదిరిలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న ఆమె అల్లుడు చెప్పాడట. నెట్టు పాటలు ఒకసారికి ఒక్కచోటే పాడతాయట. అక్కడ వాళ్లు వినాలంటే ఇక్కడ ఆపెయ్యాల్సిందేనట. కొత్తచెరువు నుంచి వచ్చి బయమ్మ చేతికి కసరత్తు చేయించే కృపాకుమారి ఉంది కదా, ఆ పిల్ల ఇంట్లోవాళ్ల పనే ఇదంతా అట.

ఆ మాట పాలు పోసే ఆమె మోసుకొచ్చి బయమ్మ చెవిన వేసింది.

"లాక్కోనీ. ఎంతసేపు లాక్కుంటారో నేనూ చూస్తా" అంది బయమ్మ.

పక్షవాతంతో కుడిచేయి పడిపోయినప్పటి నుంచి ఆమె బలమంతా నోట్లోకి వచ్చి చేరింది.

కొడుకు రాఘవేంద్రకు పాటల పిచ్చి. హాల్లో మనిషెత్తు స్పీకర్లు రెండు, ఇనప్పెట్టె లాంటి యాంప్లిఫయరు, నెట్టులోంచి పాటలు తెచ్చే నల్లడబ్బా ఒకటి కొని పెట్టాడు. అది నోరు తెరవాలంటే మాత్రం పెద్ద తతంగం. ఫోను తియ్యాలి, యాప్ వెతకాలి, డబ్బాను పట్టుకోవాలి, పాస్‌వర్డ్ కొట్టాలి. రిమోట్లలో ఏది దేనిదో అతనికే గుర్తుండదు.

అతను పొద్దున వ్యాపారానికి పోతే చీకటిపడ్డాకే రావడం. కోడలు హేమకు ఆ సామాను ముట్టుకోవాలంటేనే భయం.

ఒక్క చెక్కభజన పాట వినాలన్నా బయమ్మ ఎవరినో ఒకరిని బతిమాలాలి. బతిమాలడం ఆమెకు పుట్టుకతోనే రాదు. కాబట్టి అంత సామానూ దుప్పటి కప్పుకొని మూగగా నిలబడి ఉండేది.

స్కూటీ మీద వచ్చే కృపాకుమారి ఒకరోజు ఆ దుప్పటి లాగేసింది. రాఘవేంద్రకు ఫోన్ చేసి ఒప్పించింది. రిమోట్లన్నీ బీరువాలోకి తోసింది. నల్లడబ్బాను తన పాత ఫోనొకదానికి ముడిపెట్టింది. డబ్బీ మూతంత మీట తెచ్చి బయమ్మ మంచం పక్కన గోడకు అతికించింది.

"నొక్కితే పాడతాది అవ్వా. అంతే. అయితే కుడిచేత్తోనే నొక్కాల."

"కుడిచెయ్యి రాదు కదే పాపా."

"అట్లయితే పాటా రాదు."

బయమ్మకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే సాయంత్రం దాకా పెనుగులాడి, చివరికి మణికట్టుతో మీటను గుద్దింది.

ఇల్లు అదిరేలా తాళాలు మోగాయి. హేమ పరుగెత్తుకొచ్చింది. నిన్నెవరు పిలిచారన్నట్టు చూసింది అత్త.

తర్వాత మొదలైంది ఈ ఆగడం.

పల్లవి అయి చరణం అందుకుంటుండగానే పాట ఆగేది. బయమ్మ నొక్కితే పాడేది. కాసేపటికి మళ్లీ ఆగేది. అదీ మాట మధ్యలో, ముక్క తుంచినట్టు. పాట రుచి తెలిసినవాడెవడూ అక్కడ ఆపడు.

కృపాకుమారిని అడిగితే నెట్టు అంటే అట్లే ఉంటుందని మొహం తిప్పుకుంది. పైగా ఎండ పడుతోందని ఒకసారి, తడి తగులుతోందని ఒకసారి, మీటను గోడమీద అంతకంతకూ పైకి జరిపింది.

రాఘవేంద్ర డబ్బాను పరీక్ష చేసి తల్లి దగ్గరికి వచ్చాడు.

"ఎవరిదో ఫోను దీనికి కట్టి ఉండాది మా. పీకేసి నాది పెడతా. ఆపేవాడే ఉండడు."

"ముట్టుకున్నావంటే చూడు. ఎవుడో ఆపితే నేను పారిపోవాల్నా? వాడు ఆపనీ, నేను నొక్కుతా. ఎవురికి ముందు విసుగు పుడతాదో తేలిపోనీ."

ఇక అది రోజువారీ యుద్ధమైపోయింది. అవతల ఉన్నది మగవాడేనని బయమ్మకు గట్టి నమ్మకం. వాడికి అన్నం అరగకూడదని, వాడి మంచంలో నల్లులు పడాలని దీవించి మరీ నొక్కేది. మణికట్టు పోయి అరచెయ్యి వచ్చింది. అరచెయ్యి పోయి వేలు వచ్చింది.

ఒక మధ్యాహ్నం వాణ్ణి తిడుతూ తిడుతూనే సంగటి ముద్ద కుడిచేత్తో తుంచి పులుసులో అద్దుకుంది. ఆమె చూసుకోలేదు. హేమ చూసి, చేతిలో గంటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

ఆ తర్వాత ఒక వారం పాట ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ వారం కృపాకుమారీ రాలేదు.

"పారిపోయినాడు" అని గోడ మీద నుంచి లక్ష్మీనరసమ్మకు చాటింది బయమ్మ.

చాటింది గానీ, పాట అడ్డం లేకుండా చివరిదాకా పాడుతుంటే చెయ్యెత్తి ఎదురుచూస్తూ కూర్చునేది. గెలుపు చప్పగా ఉంది.

కృపాకుమారి వచ్చిన రోజు లక్ష్మీనరసమ్మ కూడా వెనకాలే వచ్చి గడపలో నిలబడింది.

"ఏమే పాపా, మా పాటలు ఆపిండేది మీ ఇంట్లో ఎవురు?" బయమ్మ కుడిచెయ్యి నడుముకు ఆనించుకొని అడిగింది. "ఓడిపోయినాడని చెప్పు పో."

"మా నాయన, ఐజాక్. మంచంలో ఉండినాడు అవ్వా. పోయిన వారం చనిపోయినాడు."

బయమ్మ నడుము మీది చెయ్యి దించింది. వెనక్కి తగ్గడం అలవాటు లేని మనిషి. అయినా గొంతు తగ్గించింది.

"పాటలంటే ఆయప్పకు అంత ప్రాణమని ఒక మాట చెప్పింటే, నేనే ఆపుకొని ఉందును కదే."

కృపాకుమారి గోడకున్న మీటను ఊడదీసి, ఇంకో జానెడు పైన అతికించింది.

"బావుల్లో బండలకు తూటాలు పేల్చి పేల్చి మా నాయనకు చెవులు పోయి చానా ఏండ్లాయ. ఆయనకు పాటలెందుకు? నువ్వు చెయ్యి లేపాలని, నా పాత ఫోనులో పాట నడిచేది చూసి ఆపుతా ఉండినాడు. లేపు."