బరువు ఏ ముక్క మీద?

“ఎ–మర్–జెన్–సీ. నాలుగు ముక్కలు. బరువు యాడ పడతాదో సప్పట్లో సూపించు,” అంది గ్రేసీ.

అమల నాలుగు చప్పట్లు కొట్టింది. నాలుగూ ఒకే మోత.

“నాకు రాదక్కా. ఒళ్లంతా పులిసిపోయింది.”

“మన తెలుగులో మాదిరి అన్నిటికీ సమానంగా మర్యాద సేస్తే ఎట్లామే? ఇంగ్లీషులో ఒక్కదానికే మర్యాద. రెండోదాన్ని గట్టిగా కొట్టు.”

శ్రీసిటీ నుంచి సత్యవేడు పోయే కంపెనీ బస్సు అది. షిఫ్టు దిగిన ఆడవాళ్లంతా తలలు వాల్చేశారు. ఫ్యాక్టరీలో వీళ్లిద్దరిదీ ఒకే లైను, రోజంతా నిలబడే పని. సాయంత్రానికి అమల కాళ్లు బూరెల్లా పొంగుతాయి. నిలబడే పని మానుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఇన్నాళ్లకు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చే విదేశీయులకు జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. కుర్చీ ఉన్న ఉద్యోగం! ఆఖరి ఇంటర్వ్యూకి ఇద్దరినే పిలిచారు. అది రాకపోతే అమల ఇంట్లో కూర్చోవాల్సిందే. చర్చిలో ఇంగ్లీషు పాటలు పాడే గ్రేసీ తప్ప నేర్పే దిక్కెవరు?

“ఆ రెండో ఆమెకు రేపు జొరమొస్తే బాగుండుకా!”

“పాపం, ఆమెకేం కష్టముండాదో,” అంటూ గ్రేసీ మోకాలికి చుట్టుకున్న గుడ్డ బిగించుకుంది.

మరునాడు ఆఫీసు గది దాకా గ్రేసీ కూడా వచ్చింది. ఇంత అలసటలోనూ తోడొచ్చిందే అని అమల కళ్లు చెమర్చాయి.

“డెవలప్‌మెంట్ అను సూద్దాం.”

అమల మొదటి ముక్కనే గట్టిగా నొక్కింది. మనవాళ్లు చాలామంది నొక్కేది అక్కడే. గ్రేసీ కిటికీలోంచి లైను వైపు చూస్తూ ఉండిపోయింది.

“సరిగ్గానే ఉండాదా అక్కా?”

జవాబు రాకముందే లోపలి నుంచి “అమల!” అని పిలిచారు. ఆమె తలుపు దాకా వెళ్లింది.

“ఆగుమే!” గ్రేసీ కుంటుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది. “తప్పు. బరువు రెండోదాని మీద. డి–వె–లప్–మెంట్.” అమల అరచేతిలో నాలుగు దెబ్బలు వేసింది. రెండోది చురుక్కుమంది.

అమల బయటికి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

“సదివించిన దాంట్లో ఆ మాటే వచ్చిందికా! సరిగ్గా సెప్పినా! శానా మెచ్చుకున్నారు! నువ్వు లేకపోతే నా గతి ఏమయ్యుండునో!”

“పోనీలేమే, మంచిదే,” అని గ్రేసీ నీరసంగా నవ్వింది.

గుమాస్తా తలుపు దగ్గరికొచ్చి రెండో పేరు పిలిచాడు: “గ్రేసీ!”