ఈదే పీత

కనకమహాలక్ష్మి అన్నం పళ్లాన్ని మళ్లీ పక్కకు నెట్టేసింది.

“నాలుగు ముద్దలు దిగకపోతే మనిషి దక్కదన్నారమ్మా డాక్టరు గారు. ఏం కావాలో చెప్పు, తెస్తాను,” అన్నాడు కొడుకు త్రిమూర్తులు.

“సముద్రపు పీత తేరా. అప్పుడు తింటాను.”

కోడలు సూర్యకళ ఉలిక్కిపడింది. మామగారు సముద్రంలో వేటకెళ్లిన పడవ తిరిగి రాని నాటి నుంచీ ఆ ఇంట్లో పీత వండలేదు. మనిషి దొరకలేదుగా అని అత్తగారు బొట్టు కూడా తీయలేదు.

త్రిమూర్తులు నాచారం ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ఉప్పల్ మార్కెట్‌కు పరుగెత్తాడు. చేపలమ్మే సత్తమ్మ గంపలో ఎండ్రకాయలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి.

“సముద్రపువి లేవా?”

“ఏంది బిడ్డా, ఈడ సముద్రం యాడిది? గివి చెరువుల పట్టినయి. ముసలామెకు ఏమెరుక? పులుసు వెట్టు, మస్తుగ తింటది.”

తెచ్చాడు. తల్లి ఒకదాని వెనక కాలు తడిమి చూసింది.

“సూదిలా ఉందిరా. ఇది బురదలో నడిచేది. నాకు ఈదేది కావాలి.”

“హైదరాబాదుకి సముద్రాన్ని ఎక్కడి నుంచి తేనమ్మా?”

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాటికి గంజి కూడా మానేసింది.

పక్క వాటాలోని రైల్వే గార్డు విశ్వనాథం కాకినాడ వెళ్తున్నాడని తెలిసి, త్రిమూర్తులు అతని చేతులు పట్టుకున్నాడు. “బాబాయ్, ఒక్క పీత. ఒక్కటంటే ఒక్కటి.”

“ఊరుకోవోయ్. పట్టుచీర కోసం మీ పిన్ని కూడా నన్నింత బతిమాలలేదు,” అన్నాడాయన. కానీ తెచ్చాడు, ఐసు ముక్కల మధ్య పెట్టి.

పీత చచ్చిపోయి ఉంది. నీళ్లు విడిచి అది ఎక్కువసేపు బతకదు. డిప్ప మీద మూడు చుక్కలు. వెనక కాళ్లు రెండూ తెడ్డుల్లా పలచగా ఉన్నాయి.

తల్లి లేచి కూర్చుంది. పీతను ఒళ్లోకి తీసుకుని, ఆ తెడ్డు కాళ్లను నిమిరింది.

“ఇదేరా,” అంది.

త్రిమూర్తులుకు ప్రాణం లేచి వచ్చింది. సూర్యకళ అప్పటికే అల్లం నూరేసింది.

“ఇలా ఇవ్వండత్తయ్యా, చిటికెలో వండేస్తాను.”

కనకమహాలక్ష్మి ఇవ్వలేదు. కొంగుతో నుదుటి బొట్టు తుడుచుకుంది.

“మీ నాన్న వీటి పాలేగదరా అయ్యాడు. దీన్ని శ్మశానానికి తీసుకెళ్లి దహనం చేసి, ఆయనకి పిండం పెట్టి రా. అప్పుడు తింటాను.”